ఓదార్చేవారి అలసట

ఇతరుల దుఃఖాన్ని పంచుకోవడం ధర్మమని భారతీయ సంప్రదాయాలు అనేక విధాలుగా చెప్పాయి. పంచుకున్నవారి గతి ఏమిటన్న ప్రశ్న మాత్రం అంత తరచుగా వినబడదు. మంచం పట్టిన తల్లికి ఏళ్ల తరబడి సేవచేసే కూతురు, మానసిక వ్యాధికి లోనైన తమ్ముణ్ణి కాపాడుకునే అన్న, రాత్రివేళ వార్డంతటికీ ఒక్కతే అయిన నర్సు, బతుకు మీద ఆశ వదులుకుని ఫోను చేసేవారి మాట వినే స్వచ్ఛంద సేవకుడు - వీరందరికీ పరుల వేదన నిత్యకృత్యం. కొంతకాలానికి వారికి నిద్ర పట్టదు. చిన్న మాటకే కోపం వస్తుంది. ఫోను మోగితే గుండె దడదడలాడుతుంది. చివరికి ఎవరి కన్నీరు చూసినా ఏమీ అనిపించని స్థితి వస్తుంది. అప్పుడు వారు తమలో దయ ఎండిపోయిందని తమనే నిందించుకుంటారు. ఈ నింద న్యాయమైనదేనా? అలసినవారు కొంత తప్పుకోవడం స్వార్థమా, ధర్మమా?

ఈ స్థితిని 1974లో అమెరికన్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 'బర్నౌట్' అన్న పేరుతో వర్ణించాడు. ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా సేవచేసేవారిని గమనించి ఆయన ఈ మాట వాడాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీనిని కొలిచే పద్ధతిని రూపొందిస్తూ మూడు లక్షణాలు చెప్పారు: మనసులోని శక్తి హరించుకుపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా కాక ఒక 'కేసు'గా చూడడం, తన పని వల్ల ప్రయోజనం లేదన్న భావన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో దీనిని వ్యాధిగా కాక, వృత్తి సంబంధమైన పరిణామంగా పేర్కొంది. ఈ భేదం చిన్నది కాదు. వ్యాధి అంటే దృష్టి వ్యక్తి మీదికి పోతుంది. వృత్తి పరిణామమంటే పని జరిగే ఏర్పాటును కూడా ప్రశ్నించక తప్పదు.

పేరు కొత్తదే గాని, పరిశీలన పాతది. క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలో 'విశుద్ధిమగ్గం' రచించిన బుద్ధఘోషుడు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అన్న నాలుగు భావనలను వివరిస్తూ, ఒక్కొక్కదానికి ఒక దూరశత్రువునూ ఒక సమీపశత్రువునూ చూపాడు. కరుణకు దూరశత్రువు హింస. దానిని ఎవరైనా గుర్తుపడతారు. సమీపశత్రువు శోకం. అది కరుణ వేషంలోనే వస్తుంది కనుక గుర్తించడం కష్టం. మునిగిపోతున్నవాడితో పాటు తానూ మునిగిపోవడం కరుణకు పరాకాష్ఠ కాదు, దాని వైఫల్యం. అందుకే నాలుగింటిలో చివరిది ఉపేక్ష. నేటి తెలుగులో ఈ మాటకు నిర్లక్ష్యమన్న అర్థం స్థిరపడింది. మూలంలో మాత్రం అది సమబుద్ధితో చూడడం. ఉదాసీనత ఉపేక్షకు సమీపశత్రువని కూడా బుద్ధఘోషుడే హెచ్చరించాడు. భాషలో ఈ రెండూ ఒకటైపోవడం వల్లనే కాబోలు, కాస్త నిలదొక్కుకున్న మనసును లోకం రాతిగుండె అంటుంది.

తెలుగు ఇళ్లలో కష్టకాలంలో పారాయణ చేసే సుందరకాండ ఈ విషయాన్ని మరింత సన్నిహితంగా చూపిస్తుంది. హనుమంతుడు సీతను ఓదార్చడానికి ముందు తానే నిరాశలో పడ్డాడు. లంకంతా వెతికినా ఆమె కనబడకపోయేసరికి, తాను వట్టి చేతులతో వెళితే రాముడు బతకడని, ఆ వెంట లక్ష్మణుడు, భరతుడు, సుగ్రీవుడు బతకరని ఒక మరణం వెనుక మరొక మరణం ఊహించుకున్నాడు. ప్రాణత్యాగం దాకా వెళ్లిన ఆలోచన, బతికి ఉంటేనే శుభమన్న వివేకంతో ఆగింది. అప్పుడే ఇంకా వెతకని అశోకవనం అతని కంటబడింది. ఆందోళన చేసేది ఇదే: ఒక్కరి భుజం మీద లోకమంతా ఆనినట్టు భ్రమింపజేస్తుంది.

సీతను చూశాక అతడు ఆమెను వీపు మీద మోసుకుపోతానన్నాడు. ఆమె అంగీకరించలేదు. రాముడే వచ్చి తనను తీసుకుపోవాలన్నది. హనుమంతుడు తన బలాన్ని ఆమె మీద రుద్దలేదు. చూడామణి తీసుకుని వార్త మోసుకుపోయాడు. ఓదార్చేవారి హద్దు ఇక్కడ స్పష్టమవుతుంది. ఎదుటివారి దుఃఖాన్ని మోసుకుపోవడం వారి పని కాదు. దుఃఖితులు ఒంటరివారు కారని తెలియజేయడం, సాయం వచ్చే దారి తెరవడం వారి పని.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. సముద్రం మధ్య మైనాకుడు విశ్రమించమని ప్రార్థిస్తే హనుమంతుడు చేతితో తాకి సాగిపోయాడు కదా? నిజమే. అయితే ఆ లంఘనం ఒక్కనాటిది. అనుదినం పరుల వేదన వినేవారి సముద్రానికి ఆవలి ఒడ్డు కనబడదు. పైగా అదే కావ్యంలో, పని ముగించి వచ్చిన వానరులు రాముడికి వార్త చెప్పకముందే మధువనంలో తేనె తాగి ఆనందించారు. కావలివాడు ఫిర్యాదు చేస్తే సుగ్రీవుడు ఆగ్రహించలేదు, కార్యం సఫలమైందని గ్రహించాడు. సేవకుల సంతోషాన్ని అపరాధంగా చూడని ప్రభువు ఆయన.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. తనకు బదులుగా నిలిచేవారు ఎవరూ లేని కూతురికి విశ్రాంతి తీసుకోమని చెప్పడం ఉపదేశమా, పరిహాసమా? ఆమె లేచి వెళితే తల్లికి నీళ్లిచ్చేవారుండరు. కనుక విశ్రాంతి ఒక్క వ్యక్తి వివేకంతో సిద్ధించేది కాదు. ఒకరు తప్పుకోవాలంటే మరొకరు వంతుకు రావాలి. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి చికిత్సలో భాగస్వాములను చేశాడు. ఆ ఏర్పాటులో కుటుంబం ఒంటరిగా మిగలలేదు.

పాలనా వ్యవస్థకు దీనిలో పాఠముంది. 2005లో ఆరంభమైన ఆశా పథకం గ్రామీణ స్త్రీలను ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద కార్యకర్తలుగా భావించింది. కోవిడ్ కాలంలో ఇంటింటి భయాన్నీ మోసినవారిలో వారు ముందున్నారు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరు ద్వారా వేదనలో ఉన్నవారికి వినే చెవిని సమకూర్చింది. అది ప్రశంసనీయం. అయితే ఆ చెవి కూడా ఒక మనిషిదే. ఆ మనిషికి ఎన్ని గంటల పని, పక్కన ఎవరు, కఠినమైన సంభాషణ ముగిశాక చెప్పుకునేందుకు ఎవరు అన్నవి ఉత్తర్వులో చేరవలసిన విషయాలు. దయను జీతానికి బదులుగా, ప్రశంసను సెలవుకు బదులుగా లెక్కగట్టే వ్యవస్థ సేవాభావాన్ని గౌరవించినట్టు కాదు, ఖర్చు పెట్టినట్టు.

కాబట్టి అలసినవారు తమను నిందించుకోవడం న్యాయం కాదు. తన పరిమితి తెలుసుకుని వంతు అప్పగించడం ధర్మచ్యుతి కాదు, రేపు మళ్లీ వినగలగడానికి చేసే సన్నాహం. ఆ వంతు అందుకునే చేయి దగ్గరలో లేకపోతే, ఆ లోపం అలసినవారిది కాదు. దానికి సమాధానం చెప్పవలసినవారు చుట్టూ ఉన్నవారు.