రాజున్న నీళ్ళు

హైదరాబాదులో చేప మందు అంటే అర్థం ఒక్కటే. మృగశిర కార్తె వచ్చే రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వాళ్ళు కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి, ప్రాణంతో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉబ్బసం రోగి గొంతులోకి జార్చడం. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్న గొడవ పాతది, నేను దాని జోలికి పోను. నేను చెప్పబోయేది ఇంకో చేప మందు గురించి, అంటే చేపకే వేసే మందు. జూన్ మొదటి వారంలో యాప్రాల్‌లో, సైనిక్‌పురిలో మెడికల్ షాపులకి వెళ్ళి చేప కోసం ఎప్సమ్ సాల్ట్ కావాలని అడిగాను. రెండు చోట్లా ఒకటే జవాబు: "నాంపల్లిల ఇస్తరు కద సార్."

రోగి పేరు డ్వార్ఫ్ గౌరామి. రెండున్నర అంగుళాలు, ఎర్రటి ఒంటి మీద నీలం చారలు. కొన్నది 80 రూపాయలకి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన జాతి విడో టెట్రాల మధ్య ఇదొక్కటే మన దేశపు చేప; దీని సొంత ఊరు గంగా బ్రహ్మపుత్రల మైదానాల్లోని నాచు పట్టిన మడుగులు. ఒక ఆదివారం పొద్దున చూస్తే పొట్ట ఉబ్బి, పొలుసులు ఒక్కొక్కటీ నిక్కబొడుచుకుని, పైనుంచి చూడటానికి దేవదారు కాయలా ఉంది. చేపలు పెంచేవాళ్ళు దీన్ని డ్రాప్సీ అంటారు. మన పాత వైద్యుల మాట జలోదరం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇది నిజానికి జబ్బు కాదు, లోపల ఏదో పాడైందని చెప్పే గుర్తు. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, చుట్టూ ఉన్న నీళ్ళలో తక్కువ. అందుకని నీళ్ళు మొప్పల్లోంచి, చర్మంలోంచి అదే పనిగా లోపలికి వస్తూనే ఉంటాయి, మూత్రపిండాలు అదే పనిగా బయటికి తోడేస్తూ ఉంటాయి. ఆ తోడే పని ఆగిపోతే నీళ్ళలో బతికే ప్రాణి నీళ్ళు నిండి చచ్చిపోతుంది. ఈ దశకొచ్చాక బతికేవి చాలా తక్కువ.

చేయగలిగింది కొంచెమే. పది లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో వేరే పెట్టడం, నీళ్ళలో ఒక టీస్పూను ఎప్సమ్ సాల్ట్ కలపడం, రోజూ సగం నీళ్ళు మార్చడం. గౌరామికి ఇంకో అవసరం కూడా ఉంది. దాని తలలో చిక్కుదారుల్లాంటి ఒక అవయవం ఉంటుంది, దానితో నేరుగా గాలి పీల్చుకుంటుంది, కాబట్టి ఎప్పటికప్పుడు నీటి పైకి రావాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది చూడముచ్చటైన విన్యాసం. జబ్బు చేసినప్పుడు అదే మెట్లెక్కడం. అందుకని టబ్బులో నీళ్ళు నాలుగంగుళాలకి తగ్గించాను, ఎక్కాల్సిన మెట్లు తగ్గుతాయని. పది నిమిషాల్లో ఎన్నిసార్లు పైకొస్తోందో ఎక్సెల్‌లో రాసుకున్నాను. సర్వర్లని కనిపెట్టుకుని ఉండేవాడికి అంతకంటే వేరే సేవ తెలియదు. మొదటి రోజు 9, రెండో రోజు 7.

ఇంతలో సలహాలు మొదలయ్యాయి. చేపలమ్మే అతను మంచివాడే, నా డబ్బు వృథా కాకూడదని చెప్పాడు: మందులకి పెట్టే డబ్బుతో మూడొస్తాయి సార్, దాన్ని తీసేయండి. అమ్మ ఇంకా సూటిగా అడిగింది: "కూరకు తెచ్చిన చేపకు లేని దవాఖాన దీనికెందుకు బిడ్డా?" మా పైఫ్లోర్‌లో ఉండే పెద్దాయన ఆర్మీ పశువైద్య విభాగంలో పనిచేసి రిటైరయ్యారు, ఊరు శ్రీకాకుళం వైపు. ఆయన టబ్బు వైపు చాలాసేపు చూసి ఒక్క ప్రశ్న వేశారు: "ఇది బతకాలనుకుంటోందా బాబూ, మీరు బతికించాలనుకుంటున్నారా?"

మూడూ తేలిగ్గా కొట్టిపారేసే మాటలు కావు. ఇలాంటి చోట ఎవరైనా ముందు నొప్పి దగ్గర మొదలుపెడతారు. చేపకి నొప్పి తెలుస్తుందా? 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు ట్రౌట్ చేపల పెదాల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూశారు. అవి తిండి మానేశాయి, పక్కలకి ఊగాయి, ఆమ్లం పడ్డవి పెదాలని అడుగున ఉన్న గులకరాళ్ళకి రుద్దుకున్నాయి. చేపకి మనలాంటి మెదడు పైపొర లేదు, కాబట్టి అది నొప్పి అని మనం పిలిచేది కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు. 2016లో బ్రయన్ కీ రాసిన వ్యాసం మీద పెద్ద చర్చే నడిచింది. నేను స్నెడన్ వైపే మొగ్గుతాను. కానీ నొప్పి ఉందని తేలినా నా ప్రశ్న తేలదు. కాప్రా చెరువులో ఈ క్షణాన జబ్బుతో ఉన్న చేపలు ఎన్నో ఉండి ఉంటాయి, వాటికీ అంతే నొప్పి. నేను టబ్బు పట్టుకుని అక్కడికి పరిగెత్తడం లేదు, పరిగెత్తనందుకు నన్నెవరూ తప్పుపట్టరు. నొప్పి రెండు చోట్లా ఒకటే అయినప్పుడు బాధ్యత ఒకచోటే ఎందుకు ఉంది?

దీనికి నాకు దొరికిన దారి పోతన భాగవతం ఎనిమిదో స్కంధం. సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఒక చేపపిల్ల వస్తుంది. తిరిగి నదిలో వదలబోతే, వదలొద్దు, పెద్ద చేపలు తినేస్తాయి అని వేడుకుంటుంది. రాజు దాన్ని కమండలంలో వేసుకుంటాడు. తెల్లారేసరికి కమండలం చాలదు. ఇంకా పెద్ద పాత్ర, తర్వాత కొలను, తర్వాత సముద్రం. అందరికీ తెలిసిన మత్స్యావతారం కథే. మనం దీన్ని దేవుడి మహిమగా వింటాం, నావని తాటికి కట్టి లాగే ఘట్టం కోసం ఎదురుచూస్తాం. నేను మాత్రం, అక్వేరియం ఉన్నవాణ్ణి కాబట్టి, పాత్రల దగ్గర ఆగిపోతాను. నదిలో ఉన్నంతసేపూ ఆ చేపని తినడం, తినకపోవడం పెద్ద చేపల వ్యవహారం. కమండలంలో పడ్డ క్షణం నుంచీ దానికి ఇరుకైతే రాజే పరిగెత్తాలి. చేప మారలేదు. నీళ్ళు మారాయి.

మత్స్యన్యాయం అన్న మాట అందరూ వాడతారు: పెద్ద చేప చిన్న చేపని మింగడం. అర్థశాస్త్రం ఆ మాటని రాజు లేని స్థితికి పేరుగా వాడింది. మత్స్యన్యాయం భరించలేక జనం వైవస్వత మనువుని రాజుగా పెట్టుకుని, పంటలో ఆరో వంతు ఇస్తామన్నారని అందులో ఉంది. తమాషా ఏమిటంటే, భాగవతం ప్రకారం ఆ వైవస్వత మనువే పూర్వకల్పంలో మన సత్యవ్రతుడు. జనం రాజుగా ఎంచుకున్నవాడు అంతకుముందే ఒక చేపకి రాజుగా ఉన్నాడు. రెండు గ్రంథాలు రాసినవాళ్ళు కూడబలుక్కుని పెట్టింది కాకపోవచ్చు. నాకైతే ఈ కలయిక చాలా నచ్చింది.

చెరువు రాజు లేని నీళ్ళు. నా హాల్లో ఉన్నది రాజున్న నీళ్ళు. పగలూ రాత్రీ ఎప్పుడో నేను నిర్ణయిస్తాను, స్విచ్ నా చేతిలో ఉంది. ఎవరి పక్కన ఎవరుండాలో నేనే చెప్తాను. బోరు నీళ్ళా ట్యాంకర్ నీళ్ళా, గట్టితనం ఎంత, క్లోరిన్ పోయిందా లేదా, కరెంటు పోతే గాలి ఎక్కడినుంచి వస్తుంది, అన్నీ నావే. ఇది తప్పొప్పుకోవడం కాదు. గౌరామి జబ్బు పడ్డ రోజు నీళ్ళు పరీక్షిస్తే అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, మిగతా చేపలన్నీ శుభ్రంగా ఉన్నాయి. తప్పు వేరు, బాధ్యత వేరు. కరువు రాజు తెచ్చింది కాకపోయినా గాదెలు తెరవాల్సింది రాజే.

మరి ఆరో వంతు? నేను వసూలు చేసే పన్ను చూడటం. రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్ళతో కాల్ అయిపోయాక లైట్లు తీసేసి, ట్యాంకు లైటు ఒక్కటే ఉంచి ఇరవై నిమిషాలు కూర్చుంటాను. అవి తిరుగుతాయి, నేను చూస్తాను. ఆ ఇరవై నిమిషాల కోసమే ఆ ప్రాణాలు ఆ పెట్టెలో ఉన్నాయి, ఇంకే కారణమూ లేదు. పొలుసులు లేచిన గౌరామిని ఎవరూ చూడలేరు. మా పాప టబ్బున్న బాల్కనీలోకి రావడం మానేసింది. షాపతను తీసేయమన్నది ఇలా పన్ను కట్టలేని ప్రజనే. పన్ను కట్టినన్నాళ్ళూ కాపాడి, కట్టలేని రోజున పొలిమేర దాటించే రాజుని మనం కథల్లో ఏమని పిలుస్తామో తెలిసిందే. 80 రూపాయలన్నది షాపులో దాని ధర. నాకు దానితో ఉన్న లెక్క వేరే పుస్తకంలో ఉంది.

పోనీ రాజ్యమే వదిలేస్తే? చేపలని తీసుకెళ్ళి చెరువులో వదిలేసి పుణ్యం కట్టుకున్నామనుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు దయ్యం చేప గురించి విని ఉండరు. దక్షిణ అమెరికాకి చెందిన ఆ ముళ్ళ క్యాట్‌ఫిష్‌ని అక్వేరియం అద్దాల మీది పాచి తింటుందని కొని తెచ్చుకునేవాళ్ళు. అది అడుగు దాటి పెరిగేసరికి ట్యాంకులు చాలలేదు, సత్యవ్రతుడి చేపలాగే. తెచ్చినవాళ్ళలో కొందరు చెరువుల్లో, కాలవల్లో వదిలేశారు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మత్స్యకారుల వలలు చింపుతోంది, వాళ్ళు పెంచుకునే చేపల తిండి తింటోంది. పాత్ర మూత తీసినంత మాత్రాన తీసుకున్న బాధ్యత ఆవిరైపోదు, ఇంకొకరి వలలోకి పోతుంది. అసలు చెరువు రాజు లేని నీళ్ళని ఇందాక అన్నాను కానీ, 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో లక్షల చేపలు చచ్చి తేలినప్పుడు అక్కడి మత్స్యకారులు వేలు చూపించింది ప్రకృతి వైపు కాదు, ఫ్యాక్టరీల వైపు. నగరం చుట్టూ ఉన్న ఏ చెరువుకి ఇప్పుడు రాజు లేడో చెప్పడం కష్టం. పన్ను తీసుకునేవాళ్ళు మాత్రం ఉన్నారు.

అమ్మ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. మృగశిర నాడు మా ఇంట్లో చేపల పులుసు తప్పనిసరి, ఆ ఏడాదీ వండింది, నేనూ తిన్నాను. వంటింట్లో రవ్వ ముక్కలకి ఉప్పూ పసుపూ పడుతుంటే బాల్కనీలో గౌరామి టబ్బులో ఇంకో ఉప్పు పడుతోంది. ఈ రెండిటికీ ఒక జవాబు చెప్పుకోవచ్చు: మార్కెట్లో చేప నా రాజ్యంలోది కాదు. చెప్పుకున్నాను కూడా. అయితే పొలిమేర అవతలి మనుషుల గురించి రాజులు చెప్పుకున్నదీ సరిగ్గా ఇదే మాట. గౌరామికి సేవ చెయ్యడం వల్ల పులుసులో చేపకి జరిగినది సరైపోదు. పులుసు తిన్నాను కాబట్టి గౌరామిని టాయిలెట్లో పడేసి ఫ్లష్ చెయ్యొచ్చన్నది అంతకంటే చెత్త తర్కం. ఒక బాకీ తీర్చలేనివాడు రెండోదీ ఎగ్గొట్టాలని ఎక్కడా లేదు. అమ్మకి ఇదంతా చెప్పలేదు. "అది మనింట్లది గదా అమ్మా" అన్నాను. ఆమె కాసేపాగి, మరి తిండేమన్న పెడుతున్నవా దానికి అని అడిగింది.

నాలుగో రోజుకి 4. అయిదో రోజు 2, అదీ ఒక పక్కకి ఒరిగిపోయి. చేపని చూసే డాక్టరు చుట్టుపక్కల దొరకలేదు. కుక్కలకీ పిల్లులకీ వీధికొకరున్నారు. మనుషులకిచ్చే టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి నీళ్ళలో కలపమని షాపతను చెప్పాడు, చాలామంది చేస్తారు కూడా. నేను కలపలేదు. రోజూ సగం నీళ్ళు పారబోయాలి, ఆ మందు వెళ్ళి చేరేది డ్రైనేజీలోకి, అక్కడినుంచి చెరువులోకి. దాని అలవాటుతో మొండికెక్కిన క్రిములు రేపు ఎవరి పిల్లలకి తగులుతాయో తెలియదు. ఒక ప్రజని కాపాడటానికి పొరుగు రాజ్యంలో విషం చల్లే హక్కు రాజుకి లేదనిపించింది.

పైఫ్లోర్ పెద్దాయన మళ్ళీ వచ్చారు. కొండల మీద పోస్టుల్లో సామాన్లు మోసే కంచరగాడిదల గురించి చెప్పారు. కాలు విరిగి ఇక లేవదని తెలిసినదాన్ని అక్కడ వదిలి దిగి రాకూడదట, అది అప్పటిదాకా మోసిన బరువుకి అవమానమట. "తుపాకీ పేల్చినవాడు ఆ రాత్రి తినడు. కానీ పేల్చకుండా దిగొచ్చినవాడితో మేమెవరమూ తినేవాళ్ళం కాదు."

బతకాలనుకుంటోందా, బతికించాలనుకుంటున్నానా? ఆ ప్రశ్నకి జవాబు ఎక్సెల్ షీట్లో ఉందని నాకు అప్పుడు తట్టింది. గాలి కోసం పైకి రావడం దాని చేతిలో ఉన్న చివరి పని. ఆరో రోజు పొద్దున పది నిమిషాలు కూర్చున్నాను, సున్నా. ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను. మొప్పలు కదులుతున్నాయి, కన్ను నా వైపే ఉంది, పైకి మాత్రం రావడం లేదు. పంటి నొప్పికి వాడే లవంగ నూనె ఇంట్లో ఉంది. అది చేపకి మత్తు ఇస్తుంది, ఎక్కువైతే ఆ మత్తులోనే ప్రాణం పోతుంది. వేడినీళ్ళలో కొన్ని చుక్కలు వేసి గిలక్కొట్టి, చల్లారాక కొంచెం కొంచెంగా టబ్బులో పోశాను. ముందు నిద్రపోయింది. పోసేది ఆపకుండా, తొందరపడకుండా పోశాను. ఇల్లంతా బిర్యానీ వాసన లాంటి వాసన. ఆ పని చేసేటప్పుడు పాపని బయటికి పంపాలా అని ముందు ఆలోచించాను, తనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నిద్రపోయిందా నాన్నా అంటే, ఇప్పుడు నిద్రే, తర్వాత చచ్చిపోతుంది అని చెప్పాను.

వారం తర్వాత షాపతను ఫోన్ చేసి కోల్‌కతా నుంచి కొత్త సరుకొచ్చిందని, గౌరామీల రంగు బాగుందని చెప్పాడు. వద్దన్నాను. ట్యాంకులో టెట్రాలు పదకొండున్నాయి. బాగా చూసుకుంటే అవి ఇంకో రెండు మూడేళ్ళు బతుకుతాయి. అన్నేళ్ళూ ఫిల్టర్ ఆగకూడదు కాబట్టి ఇన్వర్టర్‌కి కొత్త బ్యాటరీ చెప్పాను. ధర వింటే అమ్మ ఏమంటుందో తెలుసు, చెప్పలేదు.