పాడుతున్నప్పుడు మనసెక్కడుంది?

సంక్రాంతి సెలవులకి గుంటూరు దగ్గర మా ఊరెళ్లినప్పుడు, చాలా రోజుల తర్వాత ఆదివారం ఆరాధనకి వెళ్లాను. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరొచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంప్రదాయం మాది. చిన్నప్పుడు అందరి చేతుల్లోనూ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఉండేది, పాటల మీద రాగం, తాళం అచ్చేసి. ఇప్పుడు గోడ మీద తెర, పక్కన కీబోర్డు, ప్యాడ్స్. పాట నడిపిస్తున్న కుర్రాడు కళ్లు మూసుకుని "పెదాలతో కాదు, పూర్ణ హృదయంతో పాడదాం" అన్నాడు. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. గొంతు పూడుకుపోయింది.

సరిగ్గా అప్పుడే బుర్రలో ఇంకొకడు లేచాడు. "చివరి చరణానికి శ్రుతి పెంచారు, నీ కన్నీళ్లు దానివే" అన్నాడు. వాడి వెనకాలే మూడోవాడు, శుక్రవారం మేం చేసిన రిలీజ్ సంగతి ఆరా తీస్తున్నాడు. చేతులు మాత్రం పైనే ఉన్నాయి. ఈ ముగ్గురిలో ఆరాధిస్తున్నది ఎవరు?

చిత్తశుద్ధి అనగానే మనకి బడిలో చదివిన వేమన గుర్తొస్తాడు. యేసు కూడా యెషయా ప్రవక్త మాటని గుర్తుచేసి, పెదవులతో గౌరవిస్తూ మనసుని దూరంగా ఉంచుకునేవాళ్లని కడిగేశాడు. పౌలైతే కొరింథీయులకి రాస్తూ ఆత్మతోనూ పాడతాను, మనసుతోనూ పాడతాను అన్నాడు. నా ఇబ్బందల్లా ఆ రెండూ ఒకేసారి కుదరకపోవడమే. గుండె కరిగినప్పుడు బుద్ధి పక్కన నిలబడి చూస్తుంటుంది. బుద్ధికి అంతా అర్థమవుతున్నప్పుడు గుండె ఎండిపోయి ఉంటుంది.

ఇది కీబోర్డులొచ్చాక పుట్టిన బాధేం కాదు. పదహారు వందల ఏళ్ల కిందటే సెయింట్ అగస్టీన్ 'కన్ఫెషన్స్' పదో పుస్తకంలో దీని గురించి తర్జనభర్జన పడ్డాడు. పాటలోని విషయం కంటే పాడే గొంతు తనని ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని ఒప్పుకున్నాడు. అలాగని పాటలు వద్దనలేకపోయాడు. విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో చర్చిలో పాటలు విని ఏడ్చిన ఏడుపు ఆయనకి గుర్తుంది. అటూ ఇటూ ఊగి చివరికి పాటల వైపే మొగ్గాడు. పూర్తిగా తేల్చేయకపోవడమే నాకు నచ్చింది.

ఇంకో దారి, అచ్చేసిన మాటలు వదిలేసి సొంత మాటల్లో ప్రార్థించడం. 1649లో మిల్టన్ 'ఐకనోక్లాస్టీస్'లో ఈ వాదనే చేశాడు. రాసిపెట్టిన ప్రార్థనలంటే, స్వేచ్ఛగా తిరగాల్సినదాన్ని బందెలదొడ్డిలో కట్టేయడమని ఆయన కోపం. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకూ ఆ కోపం ఉండేది. పాపపు ఒప్పుకోలు అందరూ ఒకే స్వరంతో చదువుతుంటే అటెండెన్స్ పలికినట్టుందని ఎగతాళి చేసేవాణ్ణి. తర్వాత హైదరాబాదులో సొంత మాటల ప్రార్థనలు చాలా విన్నాను. రెండు వారాలు వింటే చాలు, మూడో వారం తర్వాతి వాక్యమేంటో మనమే చెప్పేయొచ్చు. నా ప్రార్థనా అంతే. దొడ్డి గోడలు మనమే కట్టుకుంటాం.

పోనీ, చిత్తశుద్ధి అంటే ఏకాగ్రత అనుకుందామా? సిమోన్ వెయ్ 1941లో దక్షిణ ఫ్రాన్సులో ద్రాక్షతోట పనికి వెళ్తూ ప్రభువు ప్రార్థనని గ్రీకులో చెప్పుకునేది. ధ్యాస రవ్వంత చెదిరినా మళ్లీ మొదటికొచ్చేది, ఒక్కసారైనా చెదరకుండా పూర్తయ్యేదాకా. అప్పటికి బాప్తిస్మమైనా తీసుకోని మనిషి సాధన ఇది.

నేనూ ప్రయత్నించాను, తెలుగులో, మెట్రోలో ఆఫీసుకెళ్తూ. ప్రతిసారీ ఒకే చోట పట్టు తప్పేది. ఇంగ్లిషులో చాలామంది 'అపరాధాలు' అనే అర్థంలో చెప్పుకునే చోట మన బైబిల్లో 'ఋణములు' అని ఉంటుంది. మనం క్షమించాల్సినవాళ్లు 'ఋణస్థులు'. ఆ మాట దగ్గరికి రాగానే మా తమ్ముడు గుర్తొచ్చేవాడు. వాడు నాకు మూడు లక్షలివ్వాలి. మళ్లీ మొదలు. మళ్లీ తమ్ముడు. విసుగొచ్చి మానేశాను.

మా నాయనమ్మకి ఈ గొడవ లేదు. కీర్తనలన్నీ నోటికొచ్చు. పురుషోత్తమ చౌదరి పాట పాడుతూనే, చాపల మీద కూర్చున్న ఆడవాళ్ల వరసల్లోకి చూపు పోనిచ్చేది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు. "పాడుతూ ఆ చూపులేంటి నాయనమ్మా, దేవుడి మీద మనసుండక్కర్లేదా?" అని అడిగానొకసారి. "ఆయన ఎటూ వస్తాడు లేరా, రానోళ్ల సంగతి చూడొద్దా?" అంది. ఆరాధన అయ్యాక తిన్నగా ఇంటికొచ్చేది కాదు. రానివాళ్ల ఇళ్ల మీదుగా తిరిగి, ఎవరికి జ్వరమో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కనుక్కుని వచ్చేది. అప్పట్లో నాకది ధ్యాస లేకపోవడంలా కనిపించింది.

మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో చిన్న సన్నివేశం ఒకటుంది. ఒకడు బలిపీఠం దగ్గరికి కానుక తెస్తాడు. తీరా అక్కడ నిలబడ్డాక, తన మీద సోదరుడికి ఏదో కష్టం ఉందని గుర్తొస్తుంది. అంటే ఆరాధన మధ్యలో వాడి మనసు పక్కకి పోయింది. యేసు వాణ్ణి మనసు కుదురుగా పెట్టుకోమనడు. కానుక అక్కడే వదిలేసి పొమ్మంటాడు. ముందు సమాధానపడి, తర్వాత వచ్చి ఇమ్మంటాడు. ఇన్నేళ్లూ నేను చెదిరే మనసుతో పోట్లాడాను. అది ఎటు పోతోందో చూసుకోలేదు. అన్ని ఆలోచనలూ ఒకటి కాదు. రిలీజ్ గురించిన ఆలోచన ఒట్టి అలవాటు. పదేపదే ఒకే మనిషి దగ్గరికి పోయే ఆలోచన వేరు. ప్రార్థనకి అది అడ్డమనుకుంటాం గానీ, మనం చేయకుండా దాటేస్తున్న ప్రార్థన అదేనేమో.

ఇంకొకటి. ఆ సన్నివేశంలో ఫిర్యాదు సోదరుడిది. తమ్ముడు నాకు బాకీ ఉన్న మాట నిజం. మరి వాడికి నా మీద ఏముంది? ఉంది. రెండేళ్ల కిందట, ఎప్పుడెప్పుడు ఎంతెంత ఇచ్చానో తేదీలతో సహా ఎక్సెల్ షీటు చేసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వాడి అత్తగారి వైపువాళ్లు కూడా ఉన్న గ్రూపు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఆ రోజు నుంచి వాడు నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం కానుకల సంచి మా వరస దాకా వచ్చింది. నా చేతిలో అయిదు వందల నోటుంది. సంచి పక్కవాడికి అందించి, నోటు జేబులో పెట్టుకుని, బయట వేపచెట్టు కింద నిలబడి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు. "ఆ షీటు పెట్టకుండా ఉండాల్సిందిరా" అన్నాను. క్షమించమనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. లోపలి పాట వాడికి వినిపిస్తున్నట్టుంది. "చర్చి దగ్గరున్నావా? వెళ్లన్నయ్యా, ఆఖరి పాట అయిపోతుంది" అన్నాడు.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. మేం కలిసిపోయామనీ చెప్పలేను. ఆ నోటు ఇంకా నా దగ్గరే ఉంది. లోపలికెళ్లేసరికి అందరూ నిలబడి పాడుతున్నారు. నేనూ పాడాను. గుండెతో పాడానా, బుద్ధితో పాడానా అని ఆ పూట చూసుకోవడం మర్చిపోయాను.