చెఱయు, వ్రాతయు

మదనపల్లెలో మేము ఏడెనిమిదిమంది మిత్రులము నెలకొకమాఱు కూడి ఏదైన నొక గ్రంథమును చదువుకొనుచుందుము. గడచిన మాసమున చదివినది వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'జైలు లోపల'. పఠనము ముగిసిన పిమ్మట మిత్రులొకరు, "చెఱసాలలో బాధపడినవాడు వ్రాసినదానిని చదివి శైలి బాగున్నదని మెచ్చుకొనుట ధర్మమేనా? గాయమును చూచి రంగు బాగున్నదనుట వంటిది కాదా?" అని యడిగిరి. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి యాలోచింపగా, దీనికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదని తోచినది. చెఱను గూర్చి వ్రాసినవా రెవరు? వ్రాయనివా రెవరు?

తెలుగున చెఱసాల వాఙ్మయమునకు కొఱత లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు 'మాలపల్లి'ని రాయవేలూరు చెఱసాలలో వ్రాసిరి. 1922లో అచ్చయిన యా నవలను దొరతనమువారు నిషేధించిరి. రాయవేలూరు మాకు పొరుగూరు వంటిది. కుప్పమున రైలెక్కి కాట్పాడిలో దిగినచో చేరువయే. నిజామాబాదు చెఱలో దాశరథి కృష్ణమాచార్యులవారు బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిన సంగతి తెలియని తెలుగువాడు లేడు. 1949లో వెలువడిన తమ 'అగ్నిధార'ను ఆయన అంకితమిచ్చినది తోడి ఖైదీయగు ఆళ్వారుస్వామిగారికే. మన కాలమునకు వచ్చినచో, అమలాపురమున పుట్టి చక్రముల కుర్చీకే పరిమితుడైన అధ్యాపకుడు జి. ఎన్. సాయిబాబా నాగపూరు చెఱసాలనుండి వ్రాసిన కవితలును లేఖలును గ్రంథముగ వచ్చినవి. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడిచెను. ఆ అక్టోబరులోనే ఆయన గతించెను. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారును ఈ తేదీలను చదివి కొంచెము సేపు ఊరకుండవలసినదే.

వీరందఱికిని సమానమైనది యొకటి కలదు. కాగితము లేకున్నను అక్షరము కలదు. బొగ్గు దొరకినచో గోడయే పుస్తకమగును. అక్షరము లేనివానికి గోడ గోడయే.

దొరతనమువారును ఈ భేదమును ఎఱుగుదురు. 1929లో లాహోరు చెఱసాలలో ఖైదీల గౌరవముకొఱకు 63 దినములు నిరాహారుడై యతీంద్రనాథ దాసు ప్రాణము విడిచిన పిమ్మట, 1930లో ఖైదీలను ఎ, బి, సి తరగతులుగ విభజించిరి. చదువు, సంపద, ఇంటనుండగా అలవడిన జీవనము, ఇవి ఆ విభజనకు కొలతలు. ఒకే ఉప్పును వండి ఒకే శిక్ష పొందిన యిద్దఱిలో ఒకనికి పుస్తకములును దీపమును, మఱియొకనికి గానుగయు నారదంచుటయు లభించెను. పై తరగతులవారి త్యాగమును తక్కువచేయుట మా యుద్దేశము గాదు. వారు విడిచివచ్చిన సుఖము పెద్దదే. కాని చెఱసాల గ్రంథములు ఎక్కువగా ఏ తరగతినుండి పుట్టినవో చూచినచో, వ్రాయబడనిది ఎంత యున్నదో కొంత తెలియును. ఆళ్వారుస్వామిగారి పుస్తకము మాకు ప్రియమగుటకు కారణమిదే. ఆయన తమ కష్టమును ప్రక్కకు పెట్టి, దొంగతనమునకును హత్యకును శిక్షపడి ప్రక్కనున్న మామూలు ఖైదీల వంక చూచిరి.

ఇటలీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ప్రీమో లేవి ఆష్విట్జు శిబిరమునుండి బ్రదికివచ్చి వ్రాసిన గ్రంథమును పెద్ద ప్రచురణకర్తలు కాదనగా, 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసెను. తరువాత లోకమంతయు ఆయనను సాక్షిగా గౌరవించెను. ఆయన మాత్రము 1986లో వెలువడిన గ్రంథమున, నిజమైన సాక్షులు తాముగారనియు, అడుగుదాక మునిగినవారు మరలి రాలేదనియు, తాము వారికి బదులుగ మాటాడుచున్నామనియు ఒప్పుకొనెను. మేము ఎఱిగిన సత్యవాక్యములలో ఇది యొకటి.

మనవారికి ఇది దూరపు కథ గాదు. 1942, 43 సంవత్సరములలో జపానువారు సయాము బర్మాల నడుమ 415 కిలోమీటర్ల రైలుమార్గమును బలవంతపు చాకిరితో వేయించిరి. అందు 60,000కు పైబడిన యుద్ధఖైదీలలో సుమారు 12,000 మంది చనిపోయిరి. బ్రదికిన తెల్లవారు వ్రాసిన గ్రంథములు బీరువాలకొలది యున్నవి. అదే దారిలో పనిచేసిన ఆసియా కూలీలు 1,80,000కు పైగా నుందురనియు, వారిలో సగము దాక చచ్చిరనియు అంచనాలు. మలయా రబ్బరు తోటలనుండి తోలబడిన అరవవారును తెలుగువారును ఆ గుంపులో నుండిరి. వారు వ్రాసిన పుస్తకములు ఎన్ని? వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

ఇంకను దగ్గఱకు రావలసియున్నది. నేరస్థ జాతుల చట్టము 1871లో ఉత్తరదేశమున పుట్టి, 1911 చట్టముతో చెన్నరాష్ట్రమునకు వచ్చెను. ఒక కులమున పుట్టుటయే నేరము. వ్రేలిముద్ర లీయవలెను, పిలిచినప్పుడు పలుకవలెను, చీటి లేనిదే కదలరాదు. ఆఱేండ్లు మొదలు పదునెనిమిదేండ్లలోపు పిల్లలను తలిదండ్రులనుండి వేఱుచేయుటకును ఆ చట్టమున నధికారము కలదు. బాపట్ల చేరువను స్టువర్టుపురమను స్థావరమును స్థాపించి, ఎఱుకలవారినచ్చట నుంచి, చీరాల పొగాకు కర్మాగారమునకు పనికి పంపిరి. భూమి యిచ్చిరి, బడి పెట్టిరి, ఇది నిజము. హాజరుపట్టీయు నిజము. ఇది దొంగల సంగతి, రాజకీయపు చెఱ కాదని కొందఱందురు. ఏ తప్పును చేయకముందే తల్లి గర్భమున నున్నవాని జాతిని గెజెట్టులో అచ్చువేయుటకంటె రాజకీయమైన చెఱ ఏది?

ఈ చట్టమును విచారించుటకు 1949లో నియమింపబడిన సంఘమునకు అధ్యక్షులు తిరుచానూరున జన్మించిన అనంతశయనం అయ్యంగారు. ఆయనయు 1940, 44 నడుమ చెఱసాలలో నుండి వచ్చినవారే. చట్టము 1952 ఆగస్టు 31న రద్దయ్యెను. చెఱసాలలలో కులమునుబట్టి పాకీపని యొప్పగించుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీముకోర్టు తీర్పు చెప్పుటకు మాత్రము 2024 అక్టోబరు 3 దాక పట్టినది. అదియు సుకన్యా శాంత యను పత్రికారచయిత్రి, ఖైదీలు చెప్పినది విని వ్రాసి, కోర్టుకెక్కుటచేత.

ఇక మా యింటి సంగతి చెప్పక తప్పదు. మా తాతగారు పుంగనూరు ప్రాంతమున గ్రామ మునసబు. రాత్రివేళ ఎఱుకలవారిని పేరు పేరున పిలిచి హాజరు వేయుట ఆయన పనులలో నొకటి. చిన్ననాడు మేమిది వినోదకథగ వింటిమి. తాతగారి గొంతు ఊరి కావలికి వినబడెడిదని పెద్దలు మురియుచు చెప్పెడివారు. పిలువబడినవారి సంగతి ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు.

రెండు నెలల క్రిందట పుంగనూరు సంతలో ఈతబరికెల గంపలమ్ము ముసలివానితో మాట కలసెను. ఆయన తండ్రి ఆ పట్టీలోనివాడు. "సట్టం పొయినాంక గూడా మా నాయినకి నడిరేయిలో మెలకవ వచ్చేసేది సామీ. లేసి కూసోని, ఎవురో పిలిసినట్టు, 'ఉండానయ్యా' అనేవాడు. మా యమ్మ, 'ఎవురూ పిల్లేదు, పండుకో' అనేది. సచ్చేదాకా అంతే" అని చెప్పెను. మా తాతగారి గొంతు ఎంత దూరము వినబడినదో మాకు అప్పుడు తెలిసినది.

మిత్రుని ప్రశ్నకు ఇప్పుడు మా బదులు కొంత చెప్పగలము. శైలిని మెచ్చుకొనుట తప్పుగాదు. నమ్మింపజాలని సాక్ష్యము సాక్ష్యము కాదు గనుక, బాధితునకు శిల్పమును ఒక ఆయుధమే. కాని మెచ్చుకొని ఊరకుండువాడు విందు బాగున్నదని త్రేన్చి, విస్తళ్లెత్తినవాని మొగము చూడని యతిథి వంటివాడు. నోరులేనివారి కొఱకు వ్రాయవచ్చునా యనినచో, వ్రాయవచ్చును. అయితే వ్రాయువాడు హాజరుపట్టీలో తన యింటి వ్రాలు ఎక్కడ నున్నదో మొదట చూచుకొనవలెను.

ఆ ముసలివాని మాటలు వ్రాసికొనుటకు అనుమతి యడిగితిమి. "రాసుకోండి, నాకేం. ముందు మీ తాత రాసిన బుక్కులో మా నాయిన పేరు ఉండాదేమో సూసి సెప్పండి. మా ఇంట్లో యాడా ఆయన పేరు రాసిండేది లేదు" అనెను.

అటకమీద వెదకితిమి. పెట్టె యున్నది, అందు పాత సిస్తు రసీదులున్నవి, ఆ పుస్తకము లేదు. మఱుసటి సంతనాడు పోయి చెప్పితిమి. ఆయన కొంచెము సేపు బరికెలు సవరించుకొని, తండ్రి పేరును, ఆయనతో హాజరు పలికిన మఱి నలుగురి పేర్లును చెప్పెను. మా నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. ఆఱవపేరు ఎంత తలచినను రాలేదు. "మళ్లీ సంతకి రాండి, గ్యాపకం జేసుకోనుంటా" అనెను.