పార పట్టిన ధ్యానం

1962 నవంబరులో స్కాట్లండ్ ఈశాన్య తీరంలోని ఫిండ్‌హార్న్ పల్లె దగ్గర, ఇసుక దిబ్బల నడుమ, చెత్త పారబోసే చోటు పక్కనే ఒక కారవాన్ వచ్చి ఆగింది. అందులో పీటర్ కాడీ, ఆయన భార్య ఐలీన్, వారి ముగ్గురు కొడుకులు ఉన్నారు. కాపురం వేరైనా కష్టసుఖాల్లో వారితో కలిసి నడిచిన డొరొతీ మెక్లీన్ కూడా అక్కడికే చేరారు. అంతకుముందు వారు పనిచేసిన హోటల్ కొలువు పోయింది. నిరుద్యోగ భృతి మీద రోజులు గడవాలి. చేతి నిండా తీరిక, ముందంతా గులకరాళ్లు కలిసిన ఇసుక. పీటర్ అక్కడ కూరగాయలు పెంచుదామని పార పట్టారు.

డొరొతీ 1920లో కెనడాలోని గ్వెల్ఫ్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో న్యూయార్క్‌లోని బ్రిటిష్ నిఘా కార్యాలయంలో కార్యదర్శిగా చేరి, అక్కణ్ణుంచి పనామాకు వెళ్లారు. అక్కడ పెళ్లయింది. ఆ తర్వాత బ్రిటన్‌లో స్థిరపడ్డారు. ఆ ఏళ్లలోనే ఆమెకు సూఫీ మార్గంతో పరిచయం కలిగింది. ఆ మార్గాన్ని పశ్చిమ దేశాలకు తీసుకెళ్లిన హజ్రత్ ఇనాయత్ ఖాన్‌కు దీక్ష ఇచ్చిన గురువు మన హైదరాబాద్‌లో ఉండేవారు. ఎక్కడి విత్తనం ఎక్కడ మొలకెత్తుతుందో చూడండి! డొరొతీ వివాహం నిలవలేదు. ఆ కాలంలోనే తన లోపలి దైవాన్ని ఎరుకతో వినడం మొదలైందని ఆమె చెప్పుకున్నారు. మౌనంగా కూర్చోవడం, మనసుకు తట్టినదాన్ని కాగితం మీద పెట్టడం ఆమె నిత్యసాధన అయింది.

ఆత్మలను పిలిచే మీడియంల గురించి మనం విన్న కథల్లో చీకటి గది ఉంటుంది, పూనకం ఉంటుంది, పోయినవారి గొంతు ఉంటుంది. డొరొతీ దగ్గర అవేవీ లేవు. ఆమె పూర్తి మెలకువలోనే ఉండేవారు. తనకు అందేది భావమేననీ, దానికి మాటలు తొడిగేది తానేననీ ఆమె దాచుకోకుండా చెప్పారు. ఈ ఒక్క నిజాయితీ చాలు, ఆమెను నేను గౌరవించడానికి. దేవుడు తన నోటితో అక్షరం అక్షరం పలికిస్తున్నాడని చెప్పుకుంటే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేరు. ఆమె ఆ దారి పట్టలేదు.

1963 మే నెలలో ధ్యానంలో ఆమెకు ఒక సూచన అందింది. ప్రకృతిలోని శక్తులతో మనసు కలపమని దాని సారాంశం. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆమె బఠాణీని ఎంచుకున్నారు. ఎందుకంటే తినడానికి తనకు ఎంతో ఇష్టమైనది అదే. దాని పువ్వు, రంగు, రుచి బాగా తెలుసు. ప్రేమ ఉన్నచోటే పరిచయం మొదలవుతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బఠాణీ వెనుక ఉన్న చైతన్యం తనకు బదులిచ్చిందని ఆమె రాసుకున్నారు. అలాంటి చైతన్యాలను ఆమె ‘దేవ’లని పిలిచారు.

తర్వాత జరిగినదే నాకు ముఖ్యం. డొరొతీ కాగితం పట్టుకుని వచ్చి, మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, నీళ్లు ఎంత పెట్టాలి అన్నవి పీటర్‌కు చెప్పేవారు. పీటర్ తవ్వేవారు. గుర్రపు పెంట మోసుకొచ్చేవారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నాచు ఏరేవారు. కోసిన గడ్డి, కట్టెల బూడిద, ఆకుచెత్త అన్నీ కలిపి కుప్ప వేసి ఎరువు చేసేవారు. ఇసుక నేల మెల్లగా మట్టి అయింది. అక్కడ నలభై పౌన్ల క్యాబేజీలు, అంటే పద్దెనిమిది కిలోల బరువున్నవి, కాశాయన్న వార్త దూరాలకు పాకింది. 1968లో బ్రిటిష్ విద్యావేత్త సర్ జార్జ్ ట్రెవెల్యాన్ వచ్చి చూసి, ఎరువు ఒక్కటే దీనికి కారణం కాదని నమ్మారు. ఆ తీరంలో వేసవి పగళ్లు ఎంతో పొడుగు, ఎరువుకూ చాకిరీకీ లోటు లేదు, ఇంక వింతేముందని అనేవారూ ఉన్నారు. వారి మాటను తోసిపుచ్చే అవసరం నాకు కనిపించదు. ధ్యానంలో అందిన మాటను ఆ చాకిరీకి అప్పగించడమే డొరొతీ సాధనలో గొప్పదనం. ఏ మాట నిజమో మడిలో మొలిచే మొక్కే తేల్చింది. అంతకంటే కఠినమైన పరీక్ష ఏ సాధకుడికి దొరుకుతుంది?

భారీ కూరగాయల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. కారవాన్ చుట్టూ జనం చేరి, అదొక సమాజమైంది. డొరొతీ 1973లో అక్కణ్ణుంచి బయలుదేరి ఉత్తర అమెరికాకు వెళ్లారు. మిత్రులతో కలిసి లోరియన్ అసోసియేషన్‌ను స్థాపించి, తనకు తెలిసిన మౌనాన్ని దశాబ్దాలపాటు పంచారు. తానొక ప్రత్యేక వ్యక్తినని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇది అందరికీ సాధ్యమనే చెప్పారు. చివరి దశలో ఫిండ్‌హార్న్‌కు తిరిగి వచ్చి, 2020 మార్చిలో, నూరేళ్లు నిండిన రెండు నెలలకు కన్నుమూశారు.

ఆమె రాసిన ‘టు హియర్ ది ఏంజెల్స్ సింగ్’ 1980లో వచ్చింది. అది చేతికందితే, క్యాబేజీల బరువు దగ్గర ఆగిపోకండి. ఆమె ఎలా మౌనంగా కూర్చున్నారో, ఎలా విన్నారో చెప్పిన చోట నిదానించి చదవండి.