నచికేతుడి మొదటి కోరిక

కఠోపనిషత్తు చెప్పేవాళ్లు గబగబా యముడి గుమ్మం దగ్గరికి వెళ్లిపోతారు. నా మనసు మాత్రం అంతకుముందు జరిగిన ఇంటి గొడవ దగ్గరే ఆగుతుంది. ఉన్నదంతా దానం చేయాల్సిన యాగంలో వాజశ్రవసుడు ఇక పాలివ్వని, ఈనలేని ఆవుల్ని తోలిస్తున్నాడు. కొడుకు నచికేతుడు చూశాడు. ‘ఇవేం ఆవులు నాన్నా’ అనలేదు. ఇలాంటి దానం చేసినవాడికి మంచి లోకాలు దక్కవని లోలోపల దిగులుపడి, నన్నెవరికిస్తావని అడిగాడు. రెండోసారీ అదే, మూడోసారీ అదే. తండ్రికి ఆ దిగులు వినబడలేదు. పదిమందిలో తప్పు పడుతున్నాడనే వినబడింది. నిన్ను మృత్యువుకిస్తాను పొమ్మన్నాడు.

తండ్రి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. యాగం మధ్యలో ఒకే ప్రశ్న మూడుసార్లు, అదీ డొంకతిరుగుడుగా అడిగితే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది.

మా నాన్నగారి కర్మలకి గోదావరి రేవుకి వెళ్లాం. గోదానానికి ఆవుని తెచ్చారు. అన్నయ్య తోక పట్టుకుని నీళ్లు వదిలి, దక్షిణ ఇచ్చాడు. వైతరణి దాటడానికి ఆ ఆవే ఆధారమని పంతులుగారు చెబుతున్నారు. ఇంతలో మా తమ్ముడి కొడుకు, “పెదనాన్నా, ఈ ఆవుని ఇందాక పక్కవాళ్లు కూడా ఇచ్చేశారు కదా. మరి తాతయ్య దేని తోక పట్టుకుంటాడు?” అన్నాడు.

“పెద్దా చిన్నా లేదా వెధవా!” అని కసిరాడు అన్నయ్య. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడు వేళాకోళం ఆడలేదు. ఆవుని నిజంగా నమ్మాడు గనకే తాతయ్య గురించి భయపడ్డాడు. ఆ తంతులో అంత నమ్మకం మా పెద్దవాళ్లలో ఎవరికుందో చెప్పలేను. నచికేతుడిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు ముందు చెబుతుంది, ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.

తండ్రి మాట ప్రకారం నచికేతుడు యముడి ఇంటికి వెళ్లాడు. ఇంట్లో లేని యముడు తిరిగొచ్చి, మూడు రాత్రులు తిండి లేకుండా ఉన్న ఆ కుర్రవాడికి నమస్కారం పెట్టాడు. రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. పెద్దరికం ఈయనదే అనిపిస్తుంది నాకు.

స్వర్గానికి చేర్చే అగ్ని గురించి రెండో వరంలో అడిగాడు, చనిపోయాక ఏముంటుందన్నది మూడోదానిలో. మొదటిది మాత్రం నాన్న కోసం. ఆయన మనసు కుదుటపడాలి, కోపం పోవాలి, తిరిగి వెళితే నన్ను గుర్తుపట్టి పలకరించాలి. యముడు సరేనని, ఆయన ఇక రాత్రుళ్లు సుఖంగా నిద్రపోతాడన్నాడు.

ఇక్కడే నాకు చిన్న పేచీ. ఆవుల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తండ్రికి నిద్ర పట్టిందేమో గాని, కొడుక్కి రావాల్సిన జవాబు ఇంకా బాకీయే.