రాత్రి పూట పనిచేసే తెగులు

పంజాబ్‌లో శివాలిక్ కొండల కింద, రోపడ్ దగ్గర ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోయాక చేను చెరిసగం పంచుకున్నారు. గట్టు మీది పోప్లార్ చెట్ల వరస మాత్రం ఉమ్మడిగా ఉండిపోయింది. ఇద్దరూ గోధుమే వేశారు.

జనవరిలో ఆ చెట్ల పక్కన, అటూ ఇటూ, మంచమంత మేర ఆకులు పసుపు తిరిగాయి. నత్రజని చాల్లేదని అన్న యూరియా చల్లాడు. తమ్ముడు తెల్లవారుతూనే వెళ్లి ఒక ఆకును వేళ్ల మధ్య పెట్టి లాగాడు. ఈనెల వెంబడి కుట్టుపోగుల్లా బారులు తీరిన సన్నని పొక్కులు. వేళ్లకు పసుపు పొడి అంటింది. ఎరువు చాలక పాలిపోయిన ఆకైతే పొడి రాలదు.

"అన్నా, ఇది పీలీ కుంగీ, పసుపు తుప్పు తెగులు. మందు కొడదాం."

"మంచమంత మేరకు మందేమిట్రా? మధ్యాహ్నం వచ్చి చూడు, ఆకు మీద చుక్క తడి ఉండదు."

"నువ్వొచ్చేది మధ్యాహ్నం. అది పనిచేసేది రాత్రి."

నిజమే. చలి పది డిగ్రీల దగ్గరుండి, ఆకు మీద మంచు మూడు నాలుగు గంటలు ఆరకుంటే చాలు, సిద్ధబీజం మొలిచి లోపలికి దిగుతుంది. రెండు వారాలపాటు పైకేమీ తెలియదు. ఆ తర్వాత పొక్కు పగిలి వేలకొద్దీ కొత్త బీజాలు; వేళ్లకంటే పసుపు పొడి అవే. ఎండకు ఆరిన పొడిని గాలి ఎత్తుకుపోతుంది. అంటే అన్న నమ్ముకున్న మధ్యాహ్నం కూడా తెగులుకే కలిసొచ్చింది.

తమ్ముడు ఆ మచ్చ మీదా చుట్టుపక్కలా ప్రోపికొనజోల్ కొట్టాడు. అన్న మూర్ఖుడేం కాదు. అంత చిన్న మచ్చకు డబ్బు తీయాలంటే ఎవరికైనా చేయి రాదు. కానీ యూరియాకు పైరు ఒత్తుగా ఎదిగి, లోపల తడి ఇంకాస్త నిలిచింది. ఫిబ్రవరికల్లా ఆ చేలో నడిచొస్తే పైజామా మోకాళ్ల దాకా పసుపయ్యేది.

మార్చి చివర్లో ఎండలు ముదిరాయి. పొడి రావడం ఆగి చారలు నల్లబడ్డాయి.

"చూశావా, నా యూరియా పనిచేసింది!" అన్నాడు అన్న.

వైశాఖి పండుగకు కోసి నూర్చితే, అతని గింజ ముడుచుకుపోయి సగం తేలికగా ఉంది.

నీతి: మనకు హాయిగా ఉన్న వేళ చూసి తెగులును అంచనా కట్టకూడదు, దానికి హాయిగా ఉండే వేళకు వెళ్లి చూడాలి. కాలం మారి అదే ఆగిపోతే, ఆ గొప్ప మన ఖాతాలో రాసుకోకూడదు.