మనం ఎంచుకోని తోడు



ఈ వారం వీడియోలో సేవ గురించి మాట్లాడుకున్నాం. గుడిలో, అన్నదానంలో, వృద్ధాశ్రమంలో మనం ఏమేం చేయొచ్చో చెప్పుకున్నాం. కానీ ఒక విషయం మాత్రం వీడియోలో చెప్పలేదు. కెమెరా ముందు చెప్పాలంటే నాకే సిగ్గనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న ఏంటంటే, మనసుకి నచ్చని మనిషితో కలిసి ఉండాల్సి వచ్చినప్పుడు, లోపల ఇష్టం లేకుండా బయటికి మంచిగా ఉండటం సాధనా, నటనా?

నాకు 24 ఏళ్లప్పుడు ఉద్యోగం మానేసి, ఒక ఆశ్రమం తరఫున ఏడాది పాటు మారిషస్‌లో సేవకి వెళ్లాను. అక్కడ తెలుగువాళ్లు ఉన్నారా అని చాలామంది అడుగుతారు. తరతరాలుగా ఉన్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు రోజు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లు సింహాద్రి అప్పన్నని కూడా వెంట తీసుకెళ్లారు. దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం ఇప్పటికీ ఉంది. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం ఎక్కువగా క్రియోల్.

చెరకు తోటల మధ్య ఒక ఊళ్లో, గుడి వెనక రెండు గదుల ఇల్లు మాకిచ్చారు. మేం ఇద్దరం. శని, ఆదివారాల్లో పిల్లలకి తెలుగు, శ్లోకాలు నేర్పాలి. సాయంత్రాలు భజన. వారానికి ఒకసారి, ఇల్లు కదలలేని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి.

మొదటి ఆరు నెలలు నాతో ఉన్న అన్నయ్య గురించి ఎంత చెప్పినా తక్కువే. నాకంటే ముందే లేచేవాడు, నేను స్నానం చేసి వచ్చేసరికి కాఫీ రెడీగా ఉండేది. నా ఉచ్చారణ తప్పుపోతే నవ్వకుండా దిద్దేవాడు. ఆయన గడువు అయిపోయి ఇండియా వెళ్లిపోయాడు. ఆ స్థానంలో నా బ్యాచ్ స్నేహితుడిని పంపమని నేను అడిగాను. కానీ ఎవరు వస్తారన్నది మా చేతుల్లో ఉండదు. పెద్దలు నిర్ణయిస్తారు. జూలైలో, అక్కడి చలికాలంలో, కరీంనగర్ వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. వయసు 22.

"ఏందన్నా, గింత సల్లగుంది!" అంటూ లోపలికి వచ్చాడు. నేను నవ్వాను. ఆ నవ్వు నాలుగు రోజులు కూడా నిలవలేదు.

నేను నాలుగున్నరకి లేస్తే అతను ఆరున్నరకి లేచేవాడు. తిన్న కంచం వెంటనే కడిగేవాడు కాదు. క్లాసులో అరగంట శ్లోకాలైతే అరగంట ఫుట్‌బాల్. పిల్లల పుస్తకాల కోసం వచ్చిన చందా లెక్క ఆ రోజే రాసేవాడు కాదు. నేను మాత్రం అతన్ని ఒక్క మాట అనేవాణ్ణి కాదు. "పర్లేదు తమ్ముడూ" అనేవాణ్ణి. రాత్రి జపం అయ్యాక నా నోట్‌బుక్ చివరి పేజీలో అతని తప్పులు రాసుకునేవాణ్ణి. అవును, జపం అయ్యాకే! లిస్ట్ పదకొండుకి చేరింది. పదకొండోది ఏంటో తెలుసా? "నవ్వే తీరు."

ఒక గురువారం మేం ఒక అవ్వ ఇంటికి వెళ్లాం. వాళ్ల అమ్మమ్మ నేర్పిన రామభజన పాట ఒకటి ఆవిడకి గుర్తుంది. తరాలు మారేసరికి కొన్ని మాటలు అరిగిపోయి వేరే మాటల్లా అయ్యాయి. నేను అలవాటు ప్రకారం మధ్యలో ఆపి, "అలా కాదు అవ్వా, ఇలా అనాలి" అని దిద్దాను. రెండుసార్లు దిద్దేసరికి ఆవిడ పాడటం ఆపేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తమ్ముడు ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. పిల్లల దగ్గర నేర్చుకున్న వచ్చీ రాని క్రియోల్‌లో, "మా బాపమ్మ కూడా ఇలాగే పాడేది, మళ్లీ పాడవా?" అని అడిగాడు. ఆవిడ అరగంట పాడింది. తప్పులతోనే.

దారిలో అతని మీద విరుచుకుపడ్డాను. "నీ వల్ల తప్పే ఒప్పైపోతుంది. అన్నయ్య ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు" అన్నాను. అతనేం మాట్లాడలేదు. ఆ రాత్రే మా పెద్ద స్వామీజీకి మెయిల్ పెట్టాను. పదకొండు కారణాలూ రాసి, ఇతన్ని వేరే చోటికి మార్చమని అడిగాను.

రెండు రోజులకి జవాబు వచ్చింది. "ముందు దీన్ని అతనికి చదివి వినిపించు. ఆ తర్వాత కూడా పంపాలనిపిస్తే మళ్లీ పంపు" అని రాశారు. అంతే.

ఇంకో రెండు రోజులు నాకు ధైర్యం చాలలేదు. చివరికి ఒక సాయంత్రం వంటింట్లో అతన్ని కూర్చోబెట్టి ఫోన్ తెరిచాను. పదకొండులో పైకి చదవగలిగినవి మూడే. లేవడం, ఫుట్‌బాల్, చందా లెక్క. మిగతా ఎనిమిది నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. "నవ్వే తీరు" అని ఒక మనిషికి ఎదురుగా ఎలా చదువుతాం?

అతను మొత్తం విన్నాడు. "లెక్క నాదే తప్పన్నా. రేపటి సంది ఏ రోజుది ఆ రోజే రాస్త. పొద్దుగాల లేసుడు నాతోని కాదు, రాత్రి పనులన్నీ నాకియ్యి. ఫుట్‌బాల్ మాత్రం బంద్ చెయ్య. ఆడుకోనీకి వచ్చినోళ్లే కూసొని శ్లోకం నేర్సుకుంటున్నరు" అన్నాడు. కొంచెం ఆగి, "ఒక్కటడుగుతా అన్నా. 'అన్నయ్య ఉన్నప్పుడు' అని దినాం ఎన్నిసార్లు అంటవో నీకెరుకేనా?" అన్నాడు.

నాకు తెలీదు. అతనికి తెలుసు. ఆ రోజు నాలుగుసార్లు అన్నానట.

అప్పుడు అర్థమైంది. తలుపు తీసి అతన్ని లోపలికి రానిచ్చాను కానీ, ఆ ఇంట్లో నేను ఇంకా అన్నయ్యతోనే ఉంటున్నాను. వెళ్లిపోయిన మనిషి కొలతలతో వచ్చిన మనిషిని కొలుస్తున్నాను. అన్నయ్య దగ్గర నేను ఓపికగా ఉండటం గొప్పేం కాదు, ఆయన నా ఓపికకి పని పెట్టలేదు కాబట్టి అలా ఉన్నాను.

తర్వాత కొన్నాళ్లకి పిల్లల్ని పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కి తీసుకెళ్లాం. 1834 నుంచి 1920 మధ్య దాదాపు ఐదు లక్షల మంది భారతీయ కూలీలు ఓడ దిగింది అక్కడే. కొందరు అక్కడి నుంచి వేరే దేశాలకి వెళ్లారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మా కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు నుంచి కూడా అప్పట్లో తెలుగువాళ్లు ఓడలెక్కారు. ఆ మెట్ల దగ్గర నిలబడితే నాకు ఒకటే ఆలోచన. వాళ్లలో ఎవరూ పక్కన కూర్చునేవాడిని ఎంచుకోలేదు. వేరే ఊరు, వేరే కులం, ఒక్కోసారి వేరే భాష. వారాల తరబడి ఒకే ఓడలో ప్రయాణం. అలా కలిసి ప్రయాణం చేసినవాళ్లు ఒకరినొకరు 'జహాజీ భాయ్' అనుకున్నారు, ఓడ అన్నదమ్ములన్నమాట. చాలామందికి ఆ బంధం జీవితాంతం ఉండిపోయింది. వాళ్ల ముందు నా కంచం గొడవ ఎంత చిన్నదో!

రామాయణంలో విభీషణుడు వచ్చిన ఘట్టం గుర్తుందా? కొత్తవాడు, పైగా శత్రువు తమ్ముడు. నమ్మొద్దని సుగ్రీవుడు అన్నాడు. ఆయన భయంలో అర్థం ఉంది. రాముడు అందరి మాటా విన్నాడు, హనుమంతుడి మాటా విన్నాడు, ఆ తర్వాతే విభీషణుడికి అభయమిచ్చాడు. అనుమానాలన్నీ తీరిపోయాయి కాబట్టి ఇచ్చింది కాదు. శరణని వచ్చినవాడిని చేరదీయడం తన ధర్మం కాబట్టి ఇచ్చాడు. మనం మాత్రం ముందు ఇష్టం పుట్టాలి, ఆ తర్వాత ఆదరిస్తాం అంటాం.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. సాధనా, నటనా?

మనసు నిలవని రోజున కూడా దీపం పెడతాం కదా. దాన్ని ఎవరూ నటన అనరు. చేతులు ముందు నడుస్తాయి, మనసు వెనక వస్తుంది. ఒక్కోసారి రాదు కూడా. అయినా దీపం దీపమే. మనుషుల విషయంలో కూడా అంతే అనుకుంటున్నాను. ఇష్టం లేకపోయినా కాఫీ ఇవ్వడం నటన కాదు. కాఫీ ఇచ్చి, లోపల లెక్క రాసుకోవడమే నటన. నా "పర్లేదు తమ్ముడూ" అబద్ధం ఎందుకైందంటే, చివరి పేజీలో ఆ లిస్ట్ ఉంది కాబట్టి. గీత పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాలు చెప్పేటప్పుడు, మొట్టమొదట వచ్చేది ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం. ఆ శ్లోకం నేను పిల్లలకి తప్పు లేకుండా నేర్పాను. ఇంటికొచ్చి లిస్ట్ రాసుకున్నాను.

అప్పటి నుంచి నాకు ఒక చిన్న పరీక్ష అలవాటైంది. ఎవరి మీదైనా కోపం వస్తే, ఇది వాళ్లకి ఎదురుగా చదవగలనా అని చూసుకుంటాను. చదవగలిగితే అది మాట్లాడుకోవాల్సిన విషయం. మామూలు మనిషి ముందు కూడా సిగ్గుతో ఆగిపోతే అది చాలాసార్లు నా అసహనమే.

ఇక్కడొక జాగ్రత్త. సిగ్గుతో ఆగడం వేరు, భయంతో ఆగడం వేరు. మీ పక్కనున్న మనిషి మిమ్మల్ని కొడుతుంటే, అవమానిస్తుంటే, డబ్బు కాజేస్తుంటే, అది సర్దుకుపోవాల్సిన విషయం కానే కాదు. వాళ్లకి చదివి వినిపించాల్సిన పని కూడా లేదు. అక్కడి నుంచి బయటికి వచ్చి, నమ్మకమైన పెద్దవాళ్లకి చెప్పండి. మన ఇళ్లల్లో "సర్దుకుపో" అనే మాట ఎక్కువగా అమ్మాయిలకే చెప్తారు, అందుకే మరీ మరీ చెప్తున్నాను. ఓర్చుకోవాల్సింది తేడాని, అన్యాయాన్ని కాదు.

మరి ఆ తమ్ముడు ఇప్పుడు నా ప్రాణస్నేహితుడు అని రాస్తే కథ బాగుంటుంది. కానీ కాదు. చివరి దాకా ఆరున్నరకే లేచాడు. చందా లెక్క మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు. రాత్రి గిన్నెలన్నీ తనే కడిగాడు, నా కంచంతో సహా. నేను 'అన్నయ్య ఉన్నప్పుడు' అనడం మానేశాను, నోరు జారిన రోజు తనే వేళ్లు చూపించి లెక్కపెట్టేవాడు. గురువారాలు అవ్వ పాడుతుంటే నేను దిద్దలేదు. ఆవిడ దగ్గర ఆ పాట నేర్చుకున్నాను, ఆవిడ మాటలతోనే.

మీ హాస్టల్ గదిలోనో, ఆఫీస్ టీమ్‌లోనో, ఇంట్లోనో మీరు ఎంచుకోని మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ వారం వాళ్ల కోసం ఒక చిన్న పని చేయండి, చెప్పకుండా. మీ దగ్గర లిస్ట్ ఉంటే ఒకసారి తీసి చూడండి. అందులో ఎదురుగా చదవగలిగినవి ఎన్నో లెక్కపెట్టండి.

కృష్ణార్పణం. వచ్చే వీడియోలో కలుద్దాం.